గూడును చూసి కందిరీగను గుర్తించడం

చూరు కింద గాని, కిటికీ మూలలో గాని, మీటరు పెట్టె వెనుక గాని కందిరీగ గూడు కనబడగానే మన ఇళ్లలో చేయి సాధారణంగా చీపురు మీదికో, కిరసనాయిలు సీసా మీదికో పోతుంది. వీటిలో మొదటిది చాలాసార్లు అనవసరం. రెండవది ఎల్లప్పుడూ ప్రమాదకరం. కారణమేమంటే, "కందిరీగ" అనే ఒకే మాటతో మనం పిలిచే కీటకాలు ఒకే స్వభావం గలవి కావు. కొన్ని ఒంటరి తల్లులు. వాటి గూడును తాకినా అవి మన మీదికి రావు. కొన్ని చిన్న కుటుంబాలుగా బతుకుతాయి. జోలికి పోతే తప్ప కుట్టవు. మరికొన్ని పెద్ద దండుగా ఉంటాయి. వాటి గూటికి దగ్గరగా నడవడమే ప్రాణాపాయం కావచ్చు. ఈ తేడా తెలియని చోట రెండు విధాల నష్టం జరుగుతున్నది. మేలు చేసే పురుగు చచ్చిపోతున్నది. దూరంగా ఉండవలసిన గూటి వద్దకు మనిషి తానే చేయి చాపుతున్నాడు.

ఈ తేడాను గ్రహించడానికి కీటకశాస్త్రం చదవనవసరం లేదు. గూడే సమాధానం చెబుతుంది. దానిని దూరం నుండి చూసి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు: ఇది దేనితో కట్టినది? ఏ ఆకారంలో ఉన్నది? దాని మీద ఎన్ని కందిరీగలు ఉన్నాయి?

మన పట్టణం, వాటి పట్టణం

గౌతమీ గోదావరి ఒడ్డున, కోరంగి పాయ విడిపోయే చోట ఉన్న యానాం సుమారు 30 చదరపు కిలోమీటర్ల ప్రాంతం. ఇక్కడ తడి మట్టికి కొరత లేదు. పాత కలప, ఎండిన తాటి మట్టలు, కొబ్బరి తోటలు, పక్కనే కోరంగి మడ అడవులు ఉన్నాయి. సాలీళ్లు, గొంగళి పురుగులు, బొద్దింకలు సమృద్ధిగా దొరుకుతాయి. గూటికి సామగ్రి, పిల్లలకు ఆహారం ఒకే చోట లభించే ఇలాంటి నేల కందిరీగలకు అనుకూలం.

వెనుక తాటాకు ఇళ్లలో, పెంకుటిళ్లలో చూరు, దూలాలు వాటికి ఆశ్రయమిచ్చేవి. ఇప్పుడు డాబా ఇళ్ల సన్‌షేడ్లు, ఏసీ యంత్రం వెనుక భాగం, వాడని కుళాయి గొట్టం, కిటికీ చట్రపు రంధ్రాలు ఆ పని చేస్తున్నాయి. పల్లెల నుండి, పొరుగు జిల్లాల నుండి పనుల కోసం వచ్చి అద్దె గదులలో ఉంటున్న కుటుంబాలకు తమ ఊరి చూరు కింద చూసిన గూడే ఇక్కడ స్లాబు కింద కనబడుతుంది. పురుగు మారలేదు, ఇల్లు మారింది.

మట్టి గూళ్లు: ఒంటరి తల్లుల పని

గోడకు మట్టి ముద్ద అతికించినట్టు, వేళ్లు పక్కపక్కన పేర్చినట్టు కనబడే గూడు సన్ననడుము కందిరీగది. నలుపు, పసుపు రంగులతో, నడుము దారంలా పొడుగ్గా ఉంటుంది. ఈ వర్గంలో దక్షిణ భారతంలో తరచుగా కనబడే ఒక జాతికి శాస్త్రీయ నామం స్కెలిఫ్రాన్ మద్రాస్‌పటానమ్. 1781లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫాబ్రిషియస్ దీనిని వర్ణించాడు. పేరులోనే మద్రాసు ఉన్నది.

ఈ కందిరీగ కుళాయి కింద తడిసిన నేల నుండి, కాలువ గట్టు నుండి మట్టిని చిన్న ఉండగా చుట్టి, నోట కరచుకొని తెస్తుంది. ఒక్కొక్క ఉండను పరచి గొట్టం వంటి గది కడుతుంది. తరువాత సాలీళ్లను వేటాడుతుంది. వాటిని చంపదు, కుట్టి, కదలలేకుండా చేసి గదిలో పేరుస్తుంది. చనిపోయిన సాలీడు కుళ్లిపోతుంది. చచ్చుబడిన సాలీడు చాలా రోజులు తాజాగా ఉంటుంది. ఒక సాలీడు మీద ఒకే గుడ్డు పెట్టి, గది నిండాక మూత వేస్తుంది. ఇలా కొన్ని గదులు కట్టిన పిమ్మట మొత్తం మీద మరొక పొర మట్టి మెత్తుతుంది. గుడ్డు నుండి వచ్చిన పిల్లపురుగు ఆ నిల్వను తిని, పట్టుపొరలో ఒదిగి, రెక్కల కందిరీగగా మారి, గోడకు గుండ్రటి రంధ్రం చేసుకొని బయటికి వస్తుంది. తల్లి అప్పటికి అక్కడ ఉండదు. గూటికి కాపలా కాసే అలవాటు దీనికి లేదు. అందుకే మట్టి గూడు ఉన్న గోడ పక్కన మంచం వేసుకొని నిద్రించినా భయం లేదు.

గూటికి గుండ్రటి రంధ్రాలు కనబడితే అది ఖాళీ అయినదని సాధారణంగా గుర్తు. అలాంటి ఖాళీ గూటిలోకి మెరిసే నీలి రంగు కందిరీగ వచ్చిపోతూ ఉంటే అది క్యాలిబియాన్ అనే మరొక జాతి. అది తనంతట తాను కొత్త గూడు కట్టదు. దొరికిన రంధ్రాన్ని మట్టితో సర్దుకొని వాడుకుంటుంది. దాని ఆహారం కూడా సాలీళ్లే.

చిన్న మట్టి కుండ, మెడతో సహా, కొమ్మకో గోడకో అతికించినట్టు ఉంటే అది కుండ కందిరీగ పని. దానిలో ఒక ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు డెల్టా. మన గోదావరి డెల్టాకు, ఆ పేరుకు సంబంధం లేదు గాని గుర్తుంచుకోవడానికి మనకు సులువు. ఇది సాలీళ్లకు బదులు గొంగళి పురుగులను తెస్తుంది. మరొక తేడా కూడా ఉన్నది: సన్ననడుము కందిరీగ ఆహారం తెచ్చాక గుడ్డు పెడితే, ఇది ముందుగా గుడ్డును కుండ లోపలి కప్పు నుండి సన్నని దారంతో వేలాడదీసి, తరువాత ఆహారం నింపుతుంది.

భ్రమరకీటన్యాయం వెనుక ఉన్న గూడు

మన పెద్దలు ఈ గూళ్లను చూడలేదని అనుకోరాదు. ఎంతో శ్రద్ధగా చూశారు. తుమ్మెద వంటి రెక్కల పురుగు ఒక కీటకాన్ని తెచ్చి మట్టి గూటిలో పెట్టి మూసివేస్తుంది. కొన్నాళ్లకు ఆ గూటి నుండి కీటకం రాదు. తెచ్చిన పురుగు వంటిదే మరొకటి బయటికి వస్తుంది. దీనిని చూసి, లోపలి కీటకం భయంతో తనను తెచ్చిన భ్రమరాన్నే నిరంతరం తలచుకొని చివరికి భ్రమరంగానే మారిపోయిందని వారు ఊహించారు. దేనిని ఏకాగ్రతతో ధ్యానిస్తే అదే అవుతామన్న వేదాంత భావానికి ఇది దృష్టాంతమైంది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పుకొన్న ఇరవైనలుగురు గురువులలో ఈ గూడు కట్టే పురుగు కూడా ఒకటి. "భ్రమరకీటన్యాయం" అన్న నుడికారం నేటికీ మన వ్యాసాలలో, ప్రవచనాలలో వినబడుతుంది.

పరిశీలనలో లోపం లేదు: లోపలికి పోయినది ఒకటి, బయటికి వచ్చినది మరొకటి. మధ్యలో కంటికి కనబడనిది ఆ చిన్న గుడ్డు. కీటకం భ్రమరంగా మారలేదు. భ్రమరపు పిల్లకు ఆహారమైంది. ఫ్రాన్సులో జాన్ ఆన్రి ఫాబ్ర్ (1823–1915) ఒంటరి కందిరీగల గూళ్లను తెరచి ఏళ్ల తరబడి గమనించి, 1879 నుండి వెలువడిన తన కీటక స్మృతుల సంపుటాలలో వర్ణించినది ఈ దశనే: కదలని ఆహారం, దాని మీదనో దాని పైననో ఒక గుడ్డు. ఆ సంపుటాలు వెలువడిన కాలంలో యానాం ఫ్రెంచి పాలనలోనే ఉండేది. తత్త్వ దృష్టాంతంగా ఆ న్యాయం విలువ తగ్గదు. ప్రకృతి పాఠంగా మాత్రం గూటిలో ఒక తల్లి తన బిడ్డకు కూర్చి పెట్టిన నిల్వ ఉన్నదని తెలుసుకోవాలి.

కాగితపు గూళ్లు: చిన్న కుటుంబాలు

బూడిద రంగులో, పలుచని కాగితం వంటి పదార్థంతో, ఆరు మూలల గదులు కిందికి తెరచి ఉన్న గూడు కాగితపు కందిరీగలది. ఒక సన్నని కాడతో సన్‌షేడుకో కొమ్మకో వేలాడుతుంది. పైన ఏ కప్పూ ఉండదు. గదులలోని పిల్లపురుగులు కూడా కనబడతాయి. ఈ కందిరీగలు ఎండిన కలపను, తలుపు చెక్కను గీకి, లాలాజలంతో కలిపి నమిలి గుజ్జు చేస్తాయి. ఆ గుజ్జు ఆరితే కాగితమవుతుంది. మనుషులు గుడ్డపీలికలతో కాగితం చేస్తున్న రోజుల్లో, 1719లో, రేమూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కందిరీగను చూపి, కలపతోనూ కాగితం చేయవచ్చునని సూచించాడు. ఫ్రెంచివారు యానాంలో వర్తక స్థావరం పెట్టినది దాదాపు అదే కాలంలో.

మన ప్రాంతంలో ఇలాంటి గూళ్లు కట్టేవాటిలో ప్రముఖమైనది రొపాలిడియా మార్జినేటా. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ప్రొఫెసర్ రాఘవేంద్ర గడగ్కర్, ఆయన శిష్యులు దశాబ్దాలుగా పరిశోధించినది ఈ జాతినే. ఒక గూటిలో ఒక కందిరీగ ఉండవచ్చు, కొన్ని పదులు ఉండవచ్చు. వాటిలో ఒక్కటే గుడ్లు పెడుతుంది. దానిని రాణి అంటారు. అయితే ఈ రాణి అధికారం చెలాయించే స్వభావం గలది కాదు, చాలా సాధువు. రాణిని తొలగిస్తే కూలి కందిరీగలలో ఒకటి వెంటనే దూకుడుగా మారి, కొన్ని రోజులకు తానే గుడ్లు పెట్టే రాణి అవుతుంది. అప్పుడు దాని దూకుడు కూడా తగ్గిపోతుంది. దక్షిణాదిలో ఈ గూళ్లు ఏడాది పొడవునా సాగుతాయి; చలికాలంలో వాటంతట అవే ఖాళీ అవుతాయని ఎదురుచూడరాదు.

కాగితపు కందిరీగలు గూటిని కాపాడుకుంటాయి. చేయి తగిలినా, కొమ్మ ఊగినా, పొగ తగిలినా కుడతాయి. దారిలో లేని చోట, చేతికి అందని ఎత్తులో ఉన్న చిన్న గూటిని అలాగే వదిలివేయడం మేలు. తోటలోని గొంగళి పురుగులను ఏరి పిల్లలకు పెట్టేవి ఇవే. తలుపు మీద, మెట్ల దారిలో, బడి పిల్లలు తిరిగే చోట ఉంటే మాత్రం తొలగింపజేయాలి.

పెద్ద కందిరీగలు: దూరమే రక్షణ

పైన కాగితపు తొడుగు కప్పి, లోపలి గదులు కనబడకుండా, పెద్ద కుండలాగానో పొడుగాటి బుట్టలాగానో ఉండి, ఒకే ద్వారం గుండా కందిరీగలు వచ్చిపోతూ ఉంటే అది వెస్పా అనే వర్గపు పెద్ద కందిరీగల గూడు. నల్లని శరీరం, పొట్ట మీద వెడల్పైన పసుపు పట్టీ వీటి గుర్తు. గూడు చెట్ల కొమ్మలలో, తాటి, కొబ్బరి తలలలో, పాడుబడిన గోడల బొరియలలో, చెట్టు తొర్రలో, నేల కింద కూడా ఉండవచ్చు. వీటిలో వెస్పా ట్రోపికా అనే జాతి కాగితపు కందిరీగల గూళ్లను కొల్లగొట్టి వాటి పిల్లలను ఎత్తుకుపోతుంది.

వీటి విషయంలో సాహసం పనికిరాదు. గూడు కదలగానే దండుగా వచ్చి, ఒక్కొక్కటి పలుమార్లు కుట్టగలవు. తేనెటీగ కుట్టినప్పుడు ముల్లు మన చర్మంలో ఉండిపోయి అది చనిపోతుంది. కందిరీగ ముల్లు ఉండిపోదు కనుక అది మళ్లీ మళ్లీ కుడుతుంది. ఎక్కువగా ఆపదకు గురయ్యేవారు ఇంటిలో కూర్చున్నవారు కారు: కొబ్బరి దింపు కార్మికులు, గోడలకు రంగులు వేసేవారు, పాత ఇళ్లు పడగొట్టేవారు, తుప్పలు నరికేవారు. చెట్టు ఎక్కే ముందు, పాత గోడ మీద గునపం వేసే ముందు కొన్ని నిమిషాలు కింద నిలబడి, పురుగులు ఒకే చోటికి వచ్చిపోతున్నాయా అని గమనించాలి. పని చేయించేవారు ఈ మాత్రం సమయం ఇవ్వడం వారి బాధ్యత.

నీళ్ల ట్యాంకుకో, పెద్ద కట్టడానికో అర్ధచంద్రాకారంగా ఒకే పలక వేలాడుతూ, దాని మీద పురుగులు పొరలు పొరలుగా కప్పి ఉంటే అది కందిరీగ గూడు కాదు. పెద్ద తేనెటీగల తుట్టె. అది మైనంతో కట్టినది. దాని విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

గూడు కట్టని బంధువులు

కందిరీగలలో అధిక సంఖ్యాకం అసలు గూడే కట్టవు, మనిషిని కుట్టవు. మేడిపండును విప్పితే కనబడే చిన్న పురుగుల గురించి వేమన పద్యం తెలియని తెలుగువారు అరుదు. ఆ పురుగులలో మేడి పూలకు పరాగ సంపర్కం చేసే సూక్ష్మమైన కందిరీగలు ఉన్నాయి. అవి లేనిదే మేడి చెట్టుకు విత్తనం లేదు.

కోనసీమ కొబ్బరి తోటలలో ఆకులను గీకి తినే నల్లతల గొంగళి పురుగును అదుపు చేయడానికి విడిచే గోనియోజస్, బ్రాకాన్ అనే పరాన్నజీవులు కూడా కందిరీగల జాతివే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఇలాంటి మిత్ర కీటకాలను పెంచి రైతులకు అందిస్తున్నది. వరిలో కాండం తొలిచే పురుగు గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా కూడా ఈ కుటుంబమే. ఇంటిలో బొద్దింకను మీసం పట్టుకొని నడిపించుకుపోయే పచ్చని మెరుపు కందిరీగ కనబడితే దానిని చంపవద్దు. అది మన పని చేస్తున్నది.

గూడు కనబడితే చేయవలసినవి

మట్టి గూడైతే వదిలివేయవచ్చు. గోడ శుభ్రం చేయాలనుకుంటే రంధ్రాలు పడి ఖాళీ అయిన తరువాత గీకివేయాలి. అయితే సన్నని గొట్టాలను మాత్రం నిర్లక్ష్యం చేయరాదు. ఏసీ నీటి గొట్టం, వాన నీటి గొట్టం, గ్యాసు గీజరు పొగ పోయే మార్గం మట్టితో మూసుకుపోయి ఉండవచ్చు. ఇది చిన్న విషయం కాదు. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్ తీరంలో ఒక విమానం సముద్రంలో కూలి 189 మంది మరణించారు. దాని వేగాన్ని కొలిచే గొట్టం మూసుకుపోయిందని, అందుకు మట్టి గూడు కట్టే కందిరీగ కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. వాడని గొట్టం మూతికి జాలీ బిగించడం సులువైన నివారణ.

కాగితపు గూడు మనుషులు తిరిగే చోట ఉంటే, పెద్ద కందిరీగల గూడు ఎక్కడ ఉన్నా, మున్సిపాలిటీ కార్యాలయానికి గాని అగ్నిమాపక కేంద్రానికి గాని (101) తెలియజేయాలి. అద్దె ఇంటిలో ఉన్నవారు యజమానికి కూడా వెంటనే చెప్పాలి. "మన ఇల్లు కాదు కదా" అని ఊరుకుంటే కుట్టేటప్పుడు కందిరీగ యజమాని ఎవరని అడగదు. రాళ్లు రువ్వడం, నీళ్లు చిమ్మడం, కాగడాతో కాల్చడం, కిరసనాయిలు, పెట్రోలు పోయడం చేయరాదు. చూరుకు, వైర్లకు నిప్పంటుకుంటుంది. తప్పించుకున్న కందిరీగలు పక్కింటి పిల్లలను కుడతాయి.

కుట్టితే

దండు వెంబడిస్తే చేతులు విసరకుండా, ముఖం కప్పుకొని, తిన్నగా పరుగెత్తి తలుపులున్న గదిలోకి పోవాలి. కాలువలో, చెరువులో దూకరాదు. ఒకటి రెండు కుట్లైతే సబ్బు నీటితో కడిగి, చల్లని గుడ్డ ఉంచాలి. వాపు రాక ముందే ఉంగరాలు, గాజులు తీసివేయాలి. సున్నం, పేడ, కిరసనాయిలు పూయరాదు.

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనబడినా ఆలస్యం చేయక 108కి గాని 112కి గాని ఫోను చేయాలి: ఊపిరి ఆడకపోవడం, గొంతు బిగుసుకుపోవడం, నాలుక లేదా పెదవులు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరిగి పడిపోవడం. ఇది తీవ్రమైన అలెర్జీ. ఒక్క కుట్టుకే రావచ్చు, కొద్ది నిమిషాలలోనే ప్రాణం తీయవచ్చు. దీనికి మొదటి మందు అడ్రినలిన్ సూది. అది వైద్యుల వద్దనే దొరుకుతుంది. అంబులెన్సు వచ్చే వరకు మనిషిని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తుగా ఉంచాలి. ఊపిరి ఆడక బాధపడుతుంటే కూర్చోబెట్టాలి.

చాలా కుట్లు పడినవారు, నోటిలో గాని గొంతులో గాని కుట్టినవారు, చిన్న పిల్లలు, వృద్ధులు పైకి బాగానే ఉన్నట్టు కనబడినా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవాలి. ఎక్కువ విషం ఒంట్లోకి పోతే కండరాలు, మూత్రపిండాలు ఒకటి రెండు రోజుల తరువాత దెబ్బతినవచ్చు. మూత్రం ముదురు రంగులో రావడం, తగ్గిపోవడం దానికి సూచన.

ఇంటిలో పిల్లలకు నేర్పవలసిన సూత్రం చిన్నది. మట్టితో కట్టిన గూడైతే చూసి నేర్చుకోవచ్చు. తెరచి ఉన్న కాగితపు గూడైతే దూరం నుండి చూడాలి. మూసి ఉన్న కాగితపు గూడైతే వెనక్కి వచ్చి పెద్దలకు చెప్పాలి.